పన్నెండో స్థలం ఎవరిది?

ఉపదేశి అంటే ఎవరని ఈ కాలం పిల్లలు అడిగితే నేను చెప్పే జవాబు ఒకటే. ఫాదర్‌గారు ఊళ్ళో లేని రోజుల్లో గుడి ఎవరి మెడకు చుట్టుకుంటుందో ఆయనే ఉపదేశి. మా కథోలిక విచారణల్లో, అంటే పారిష్‌లలో, ఒక్కో ఫాదర్‌గారికి పది పన్నెండు ఊళ్ళుంటాయి. నెలకొకసారి వచ్చి దివ్యపూజ చేసి పోతారు. మిగిలిన రోజుల్లో పిల్లలకు జపాలు నేర్పడం, జబ్బుపడినవాళ్ళ పక్కన కూర్చోవడం, పోయినవాళ్ళను మట్టి చేయడం, మొగుడూ పెళ్ళాల తగువులు తీర్చడం, గుడిలో గబ్బిలాలను తరమడం, ఇవన్నీ ఉపదేశి పనులే. ఉపదేశి గురువు కాదు, సన్యాసి కాదు. పెళ్ళాం పిల్లలున్న మామూలు మనిషి. జీతం సంగతి అడగొద్దు. "నీది ఉద్యోగం కాదు, పట్టుకున్న పిచ్చి" అని మా ఇంటామె పెళ్ళయిన కొత్తలోనే తేల్చేసింది.

ఈ పిచ్చి నాకు కడప జిల్లాలో పట్టుకుంది. మంగంపేట ముగ్గురాయి గనుల దగ్గర కూలీల ఇళ్ళ మధ్య ఒక రేకుల గుడి ఉండేది. అక్కడ కొన్నేళ్ళు చేశాను. తర్వాత రెండు మూడు ఊళ్ళు తిరిగి, చివరికి కర్నూలు జిల్లా పడమటి కొసన, కోసిగి దగ్గర ఒక పల్లెకు వచ్చి పడ్డాను. అక్కడికి పోతున్నానని తెలిసి తోటి ఉపదేశులు చేతులు పట్టుకుని మరీ జాలిపడ్డారు. "ఆడ వానా ఉండదు, జనమూ ఉండరు. ఎవురికి చెప్తావప్పా ఉపదేశం?" అన్నారు. వాళ్ళన్నది సగం నిజమే.

ఇప్పుడు పని చాలించుకుని కడపలో ఉంటున్నాను. నాలాంటి పాతవాళ్ళం నలుగురం కలిస్తే మాట తిరిగి తిరిగి ఒకచోటికే వస్తుంది. పిల్లలు గుడికి రావడం లేదు, ఎప్పుడు చూసినా ఫోన్లే, మన తర్వాత ఈ విశ్వాసం నిలవదు. ఈ పాట నేనూ గొంతెత్తి పాడినవాడినే. అది నా నోట్లో ఆగిపోయిన రోజు ఒకటుంది. ఆ రోజు గురించి మీకు చెబుదామని కూర్చున్నాను. మీకు అంటే మీకే, ఆ ఫోన్లు చూసుకునే పిల్లలకు.

కోసిగి వైపు పల్లెల్లో సుగ్గికి పోవడం అని ఒక మాట ఉంది. సొంత చేలు ఎండిపోయాక పని ఉన్నచోటికి ఇంటిల్లిపాదీ వలస పోవడమే సుగ్గి. కొత్త సంవత్సరం పూజ అయిన వారం రోజుల్లో లారీలు వచ్చి నిలబడతాయి. కొందరు మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు, కొందరు బిల్డింగు పనులకు బెంగళూరు వైపు పోతారు. ఇళ్ళకు తాళాలు పడతాయి. ముసలివాళ్ళు, బడి పిల్లలు, పరీక్షలున్న ఆడపిల్లలు మిగులుతారు. మా తపస్సుకాలం, అంటే ఈస్టరుకు ముందు ఉపవాసాల రోజులు, సరిగ్గా ఆ నెలల్లోనే వస్తుంది. పాపాలు మానండి, పశ్చాత్తాపపడండి అని నేను ప్రసంగం చేసేది ఎవరికంటే, పాపం చేయడానికి ఒంట్లో ఓపిక లేని అవ్వలకు.

ఆ ఊరికి ఒక కొండ ఉంది. పెద్దదేమీ కాదు, బండలు, బోదగడ్డి. దాని మీద కింద నుంచి పైదాకా పద్నాలుగు రాతి సిలువలు పాతి ఉన్నాయి. యేసుప్రభువుకు మరణశిక్ష వేసిన దగ్గర్నుంచి సమాధి చేసిన దాకా పద్నాలుగు ఘట్టాలు. ఒక్కోదాన్ని స్థలం అంటాం. గుడ్ ఫ్రైడే రోజు పొద్దున ఒక మాను సిలువను మోసుకుంటూ, ప్రతి స్థలం దగ్గరా ఆగి జపం చెప్పుకుంటూ కొండ ఎక్కుతాం. ఇది కథోలికులు ఎక్కడైనా చేసేదే. ఆ ఊరి వింత ఏమిటంటే, పద్నాలుగు స్థలాలూ పద్నాలుగు ఇళ్ళవి. తాతల తండ్రుల కాలంలో ఏ ఇంటివాళ్ళు ఏ రాతిని మోసుకొచ్చి పాతారో, ఆ స్థలం దగ్గర జపం వాళ్ళది, అక్కడ నుంచి సిలువ ఎత్తే హక్కు వాళ్ళది. తండ్రి తర్వాత కొడుకు, కొడుకు తర్వాత మనవడు. అన్నదమ్ములు వేరుపడితే చేను రెండు ముక్కలు చేసుకునేవాళ్ళు గానీ, స్థలాన్ని మాత్రం ఏడాది విడిచి ఏడాది వంతులు వేసుకునేవాళ్ళు. చేను తగువులు పోలీసు స్టేషన్లో తీరేవి. స్థలం తగువులు తీర్చడానికి మేత్రాణులు, అంటే బిషప్పుగారే, రావలసి వచ్చేది.

అందుకే సుగ్గికి పోయినా గుడ్ ఫ్రైడేకి మగవాళ్ళు రైలెక్కి వచ్చేవాళ్ళు. పొద్దున సిలువ మోసి సాయంత్రం బండెక్కి పోయేవాళ్ళు. రాను రాను అది తగ్గింది. నేను దిగిపోబోయే ఏడు మిరపకోత ఆలస్యమైంది. వదిలేసి వస్తే ముఠాకు ముఠానే పని పోతుంది. బెంగళూరులోనూ అంతే. ఒక్క ఇంటి నుంచి కూడా మగమనిషి రాడని గుడ్ ఫ్రైడే ముందు వచ్చే మట్టల ఆదివారానికి ముందే తేలిపోయింది.

మా ఫాదర్‌గారు చిన్నవాడు, మంచివాడు. మోటారు సైకిలు మీద ఎండనబడి తిరిగి తిరిగి కమిలిపోయిన మనిషి. ఆయనకు సంగతి చెప్పాను. ఆయన తల గోక్కుని, "ఈ ఒక్క ఏడాదికి కొండ వద్దులెండి. ఉన్న ముసలివాళ్ళను ఆటోల్లో విచారణ గుడికి తీసుకురండి. ఫ్యాన్ల కింద కూర్చుని సిలువమార్గం చేసుకుందాం" అన్నారు. తప్పేముంది? దయగల మాటే. కానీ "ఈ ఒక్క ఏడాదికి" అన్న మాట నాకు కొత్త కాదు. కడప జిల్లాలో నేను పనిచేసిన ఒక ఊళ్ళో మరియమాత తేరును ఇలాగే ఒక్క ఏడాదికి ఆపారు. లాగేవాళ్ళు తక్కువయ్యారని. ఆ తేరు ఇప్పటికీ కొట్టంలోనే ఉంది, చక్రాలకు మేకలు కట్టేసుకుంటున్నారు. కొండ ఈసారి ఆగితే మళ్ళీ ఎక్కరని నాకు తెలుసు. పైగా నేను పోయాక ఇంకో ఉపదేశిని వేయడం లేదని అప్పటికే చెప్పేశారు. నా కళ్ళ ముందే అయిపోతుందనుకుని లోలోపల కుమిలిపోయాను.

మట్టల ఆదివారం ప్రార్థన అయ్యాక ఒక పిల్ల నా దగ్గరికి వచ్చింది. ఆదోనిలో డిగ్రీ చదువుతోంది. రోజూ రైల్లో పోయి వస్తూ, ఇంట్లో జేజినీ తమ్ముణ్ణీ చూసుకుంటోంది. అమ్మానాన్నలు మిరపకోతలో ఉన్నారు. వెనకాల ఆ పిల్ల స్నేహితురాళ్ళు నిలబడి ఉన్నారు.

"సారూ, ఈసారి కొండ ఎక్కేది లేదంట, నిజమేనా?"

"మోసేవాళ్ళు యాడుండారు పాపా?"

"మేం లేమా?"

నేను నవ్వబోయి ఆగాను. ఆ పిల్ల నవ్వడం లేదు.

సిలువ తుమ్మమానుది. మగవాళ్ళే ముగ్గురు నలుగురు పట్టేవాళ్ళు. ఆ మాటే అంటే, "ఇంట్లో నీళ్ళు మోసేది ఎవురు సారూ? కట్టెలు మోసేది ఎవురు?" అంది వెనకాలున్న ఇంకో పిల్ల. ఫాదర్‌గారికి ఫోన్ చేశాను. ఆయన, "ఆడపిల్లలు మోయకూడదని ఏ శాస్త్రంలోనూ లేదు. భుజాలు దొరికితే నాకు సంతోషమే. పట్నంలో ప్లైవుడ్డు సిలువ చేయించమంటారా, తేలిగ్గా ఉంటుంది?" అని అడిగారు. పిల్లలకు చెప్పాను. వద్దన్నారు. "బరువు లేకపోతే అది నాటకాల సిలువ సారూ" అన్నారు. ఫాదర్‌గారు నవ్వి, "సరే. కానీ పెద్దాయనను మీరే ఒప్పించుకోండి. అది నా వల్ల కాదు" అన్నారు.

పెద్దాయన అంటే ఆ ఊరి సంఘపెద్ద. ఎనభై దాటిన మనిషి, కర్ర పట్టుకుని నిలబడితే కర్ర కంటే నిటారుగా ఉండేవాడు. పన్నెండో స్థలం వాళ్ళ ఇంటిది. ప్రభువు సిలువ మీద ప్రాణం విడిచే స్థలం అది. కొండ మీద దాన్ని మించిన గౌరవం లేదు. పిల్లల్ని వెంటబెట్టుకుని వాళ్ళ అరుగు దగ్గరికి పోయాను.

"ఆడపిల్లోళ్ళు సిలువ ఎత్తేది యాడన్నా ఉండాదా?" అన్నాడు ఆయన మొదటి మాటగా. తర్వాత అసలు మాట బయటికి వచ్చింది. "అదిట్లుంచు. ఒగరింటి స్థలాన ఇంగొగరు ఎత్తితే, రేపొద్దున ఆ ఇంటోళ్ళు వచ్చి అడిగితే ఏం చెప్తావప్పా?"

"ఆ ఇంటోళ్ళనే అడుగుతాం తాతా. ఫోన్లు ఉండాయి గదా" అంది డిగ్రీ పిల్ల.

"అడిగితే సరిపోతాదా? ఆ ఇంటి మనిషి ఆడ నిలబడల్ల. జపం ఆ ఇంటి నోట రావల్ల."

ఆ పిల్ల వెంటనే అందుకుంది. "మనిషి రాకుంటే మనిషి గొంతన్నా వచ్చాది తాతా. వాళ్ళు యాడుంటే ఆడ పని ఆపి జపం చెప్తారు. మేం ఈడ ఎత్తుకుంటాం. స్థలం వాళ్ళదే, భుజం ఒగటే మాది."

పెద్దాయన నా వైపు చూశాడు. ఇది నా తెలివి అనుకున్నాడేమో. నేను చేతులెత్తేశాను. నిజానికి నాకు ఆ ఆలోచన ఏడు జన్మలెత్తినా వచ్చేది కాదు. చివరికి ఆయన, "పదకొండు దాకా మీ ఇష్టం. పన్నెండోది మాత్రం ఎవురూ ముట్టేకి లేదు. దానికి నేనుండా" అన్నాడు.

ఆయన పట్టుదల వెనక ఒక కథ ఉంది. కొడుకు జబ్బుచేసి ఎప్పుడో పోయాడు. మిగిలింది ఒక్క మనవడు. బెంగళూరులో బిల్డింగు పని. రెండేళ్ళ కింద ఆ పిల్లవాడు గుడ్ ఫ్రైడేకి ఊరికొచ్చాడు. తలకు ఎర్ర రంగు, ముంజేతి మీద తేలు పచ్చబొట్టు. పెద్దాయన కొండ కింద అందరి ముందూ, "ఈ ఏషంతో సిలువ ముట్టొద్దు, పో" అన్నాడు. వాడు, "అయితే నీ కట్టె నువ్వే పెట్టుకో" అని అప్పటికప్పుడు రైలెక్కాడు. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఆ ఏడూ, ఆ తర్వాత ఏడూ పెద్దాయన ముందు చెయ్యి వేస్తే, తక్కినవాళ్ళు వెనక నుంచి ఎత్తి పరువు నిలబెట్టారు. ఈసారి వెనక ఎత్తే మగవాళ్ళు లేరు. వాడు చిన్నప్పుడు నా దగ్గరే జపాలు నేర్చుకున్నాడు. బుద్ధిమంతుడేం కాదు. "సారూ, దారిలో ప్రభువు సిలువకు భుజం పట్టిన సీమోను ఇష్టపడి మోసినాడా, పట్టుకొచ్చి మోపించినారా?" అని అడిగేవాడు. పట్టుకొచ్చి మోపించారు, కూర్చో అనేవాణ్ణి. పెద్దాయన సంగతి అలా ఉంచండి, వాణ్ణి నేను కూడా పోయిన లెక్కలోనే వేసుకున్నాను.

ఆ వారమంతా సాయంత్రాలు గుడి ఆవరణలో సాధన. తువ్వాళ్ళు మడిచి భుజాల మీద వేసుకుని, ముందు ఇద్దరు, వెనక ఇద్దరు. మొదటిరోజు ఒకరి అడుగు ఒకరికి కుదరక గోడకు గుద్దుకున్నారు. అవ్వలు అరుగుల మీద కూర్చుని, "కుడికాలు ముందుకేయండే" అంటూ సలహాలు పారేశారు. పదో తరగతి మగపిల్లలు ఫోన్ల పని తీసుకున్నారు. కొండ మీద అందరికీ వినపడాలంటే స్పీకరు కావాలి. కిరాణా శెట్టి దగ్గర ఆటోలో సరుకులమ్మే స్పీకరు ఉంది. అడిగితే, "తీసుకపోండప్పా. దేవుని పనికి అడిగినారు గానీ అప్పు అడగల్యా గదా" అని తీసిచ్చాడు.

డిగ్రీ పిల్ల పద్నాలుగు ఇళ్ళకూ ఫోన్ చేసింది. మొదట అన్ని ఇళ్ళనూ ఒకేసారి కలిపి చూద్దామని ఒకరోజు ప్రయత్నించారు. పరలోక జపం మొదలైంది. ఒక ఇల్లు "పరలోకమందుండెడు" దగ్గర ఉంటే, ఇంకో ఇల్లు "అనుదినాహారం" దాటిపోయింది. ఒకరి దగ్గర కుక్క, ఒకరి దగ్గర ట్రాక్టరు. చివరికి ఆమెన్ మాత్రం చాలాసేపు వచ్చింది. ఇది కాదు పద్ధతని, ఏ స్థలం దగ్గర ఆ ఇంటికి మాత్రమే ఫోన్ చేయాలని నిర్ణయించుకున్నారు. పదమూడు ఇళ్ళవాళ్ళు ఒప్పుకున్నారు, ఒకే ఒక్క ఇంటివాడు మాత్రం ఫోన్ ఎత్తలేదు. పెద్దాయన మనవడు. ఆ పిల్ల వాయిస్ మెసేజీ పెట్టింది. విన్నాడని తెలుస్తోంది, జవాబు లేదు.

శుక్రవారం పొద్దున్నే బయల్దేరాం. కొండ కింద మేం అనుకున్నదానికంటే జనం ఉన్నారు. అవ్వలు, తాతలు, పిల్లలు. తమ గుడిలో మధ్యాహ్నం ఆరాధన ఉన్న ప్రొటెస్టంటు వాళ్ళు కూడా ఆడపిల్లలు ఎట్లా మోస్తారో చూద్దామని వచ్చారు. పెద్దాయన మాత్రం తెల్లవారకముందే ఒక్కడే ఎక్కిపోయి పన్నెండో స్థలం దగ్గర కూర్చున్నాడట.

మొదటి స్థలం. పిలాతు తీర్పు. నేను జపం ఎత్తుకోబోతుంటే స్పీకరు ముందే ఎత్తుకుంది. "ఎర్రగడ్డలు, ఉర్లగడ్డలు, రాండమ్మా రాండి." శెట్టి గొంతు కొండంతా మోగింది. పదో తరగతి పిల్లవాడు కంగారులో ఇంకో బటన్ నొక్కితే ఇంకా గట్టిగా వచ్చింది. అవ్వలు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. గుడ్ ఫ్రైడే రోజు నవ్వకూడదని నేను పళ్ళు బిగబట్టాను గానీ భుజాలు ఊగాయి. పైన కూర్చున్న పెద్దాయనకు కూడా వినిపించిందని తర్వాత తెలిసింది.

అది ఆగాక ఫోన్ కలిసింది. గుంటూరు జిల్లా మిరపతోటలో నుంచి ఆ ఇంటాయన గొంతు వినిపించింది. "అందరూ కోత ఆపండి. మన స్థలం వచ్చినాది." కాసేపు ఆకుల చప్పుడు, తర్వాత నిశ్శబ్దం. ఆయన జపం మొదలుపెట్టాడు. మధ్యలో దగ్గు. మిరప ఘాటు. ఆయన ఆగితే ఆయన భార్య అందుకుంది, ఆమె దగ్గితే ఇంకెవరో అందుకున్నారు. ఇక్కడ కొండ మీద మేం బదులు చెప్పాం. ఆడపిల్లలు సిలువ ఎత్తారు.

ప్రతి ఇంటికీ అంతే. కొన్ని ఇళ్ళు మిరపచేల నుంచి, కొన్ని బెంగళూరు షెడ్ల నుంచి. దగ్గు లేని జపం ఒక్కటి లేదు. నాలుగో స్థలం డిగ్రీ పిల్ల వాళ్ళ ఇంటిది. ప్రభువుకు తల్లి ఎదురుపడే స్థలం. వాళ్ళమ్మ జపం మధ్యలో ఆపి, "పాపా, భుజం నొచ్చుతాందా?" అని అడిగింది. "లేదుమా, నువ్వు జపం చెప్పు" అంది ఈ పిల్ల. చెమట కారుతోంది, భుజం దగ్గర జాకెట్టు చిరిగింది. నలభై ఏళ్ళుగా ఊరూరా నాలుగో స్థలం దగ్గర నేను చదివిన ప్రార్థనలన్నీ ఆ ఒక్క ప్రశ్న ముందు చిన్నవైపోయాయి. పుస్తకం పక్కవాళ్ళకు అందించాను. తర్వాతి ప్రార్థన ఒక అవ్వ చదివింది.

ఎనిమిదో స్థలం దగ్గర ఫాదర్‌గారు వచ్చి కలిశారు. వేరే ఊళ్ళో ముందు ముగించుకుని బండి ఎండలో పడేసి ఎక్కి వచ్చారు. ముందుకు రమ్మన్నాను. రాలేదు. ఒక అవ్వ గొడుగు తీసుకుని ఆమె నెత్తిన పట్టుకుని, వెనకాల అందరితోపాటు బదులు చెబుతూ నడిచారు. గురువు వెనక నడిస్తే తప్పులేదని ఆయన అనుకున్న తీరు చూసి, ఈ పిల్లవాడు కూడా మనవాళ్ళ కాలంలో పుట్టినవాడు కాదు గదా అనుకున్నాను.

పన్నెండో స్థలం చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. పెద్దాయన లేచి నిలబడ్డాడు. "దించండి" అన్నాడు. దించారు. కర్ర పక్కన పెట్టి, వంగి, భుజం మానుకు ఆనించాడు. మాను కదల్లేదు. ఇంకోసారి. మెడ నరాలు ఉబ్బాయి. మాను కదల్లేదు. ఎవరూ ముందుకు పోలేదు. పోతే ఆయన పరువు పోతుంది, పోకపోతే సిలువ అక్కడే ఉంటుంది. ఫాదర్‌గారు ఒక అడుగు వేసి ఆగిపోయారు. పన్నెండో స్థలం దగ్గర ఆగిన సిలువమార్గం అంటే తెగిపోయిన సిలువమార్గమే. వచ్చే ఏడు ఈ పిల్లల్ని ఎవరు రానిస్తారు? ఆటోలు, ఫ్యాన్లు, విచారణ గుడి. అంతేననుకున్నాను.

డిగ్రీ పిల్ల ఎవరినీ అడక్కుండా ఫోన్ తీసి నొక్కింది. మోగింది. మోగుతూనే ఉంది. పెద్దాయన ఆ పిల్ల ఎవరికి చేస్తోందో గ్రహించి మొహం తిప్పుకున్నాడు. అప్పుడు స్పీకర్లో నుంచి మిక్సర్ తిరిగే మోత, దాని మీద గొంతు.

"అక్కా, చెప్పు. స్లాబు నడుస్తాండాది ఈడ."

స్లాబు సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఒకసారి పోయడం మొదలుపెడితే అయ్యేదాకా ఆపకూడదు, ఆపితే అతుకు దగ్గర పగులుతుంది. ఆ రోజు లిఫ్టు పనిచేయక కాంక్రీటు బొచ్చెలు నెత్తిన పెట్టుకుని వరసగా మెట్లెక్కుతున్నారట.

"మీ స్థలం కాడ ఉండాం రా" అంది ఆ పిల్ల.

"తెలుసు. పొద్దుట్నుంచీ యాడికొచ్చినారో అనుకుంటానే ఉండా." ఆగాడు. "పని ఆపేకి కాదక్కా. మేస్త్రీ ఒప్పుకోడు. ఫోన్ కట్ చేయొద్దు, స్పీకరు పెట్టి జోబులో ఏసుకుంటా. నేను ఈడ మోస్తా, మీరు ఆడ మోయండి."

"మీ తాత ఒప్పుకోవల్ల గదరా" అంది. జవాబు రాలేదు. ఫోన్ అప్పటికే జేబులోకి పోయింది.

పన్నెండో స్థలం దగ్గర ఒక నియమం ఉంది. ప్రభువు ప్రాణం విడిచాడని చదివాక అందరూ మోకరించి కాసేపు మౌనంగా ఉండాలి. చదివాను. మోకరించాం. పెద్దాయన కూడా మాను పట్టుకుని మెల్లగా మోకాళ్ళ మీదికి దిగాడు. కొండ మీద గాలి కూడా లేదు. ఆ మౌనంలో స్పీకర్లో నుంచి ఊపిరి వినపడసాగింది. బరువు మోస్తున్న మనిషి ఊపిరి. అడుగు, అడుగు, అడుగు. ఎవరో కన్నడలో "బేగ, బేగ" అని తొందరపెట్టారు. బొచ్చె బోర్లించిన చప్పుడు. మళ్ళీ దిగుతున్న అడుగులు, మళ్ళీ బరువు, మళ్ళీ ఊపిరి. ఆ ఊపిరి మధ్యలో, మెట్టుకో ముక్కగా, మంగళవార్త జపం. దేవవరప్రసాదముచేత అని ఒక మెట్టు. నిండిన మరియమ్మా అని ఒక మెట్టు. వాడికి బెత్తం చూపించి నేర్పిన జపం అది. ఎప్పుడూ సగంలో మరిచిపోయేవాడు. ఇప్పుడు మరిచిపోలేదు.

మౌనం అయ్యాక తర్వాతి ప్రార్థన చెప్పాల్సింది నేను. మోకాళ్ళ మీదే ఉండి ఏడ్చాను. సిగ్గుపడాల్సిందేమీ లేదు గనుక చెబుతున్నాను. మా గుడి ఖాళీ అయిపోయిందని ఇన్నేళ్ళు గుండెలు బాదుకున్నాను. ఖాళీ కాలేదు. మిరపచేలలో దగ్గుతోంది, బెంగళూరులో మెట్లెక్కుతోంది, ఇక్కడ చిరిగిన జాకెట్టుతో నిలబడి ఉంది. దాన్ని చూడటానికి నాకు ఆ పిల్లలు కావలసి వచ్చారు.

పెద్దాయన లేచాడు. డిగ్రీ పిల్ల దగ్గరికి పోయి చెయ్యి చాచాడు. ఆ పిల్ల ఫోన్ ఇచ్చింది. ఆయన దాన్ని నోటి దగ్గర పెట్టుకుని, గొంతెత్తి "రేయ్" అన్నాడు.

అడుగులు ఆగాయి. "తాతా?"

తిడతాడో, ఏడుస్తాడో, క్షమించమంటాడో. రెండేళ్ళ మాటలు మిగిలి ఉన్నాయి.

"నిదానంగా ఎక్కు నాయనా" అన్నాడు పెద్దాయన. "మెట్లు చూసుకో."

"సరే తాతా."

మళ్ళీ అడుగులు మొదలయ్యాయి. పెద్దాయన ఆడపిల్లల వైపు తిరిగి, "చూస్తాండారేంది? ఎత్తండి, మా స్థలం" అన్నాడు. నలుగురూ వంగారు. మాను లేచింది. నా పక్కకు వచ్చిన ఫాదర్‌గారు, "వచ్చే ఏడు ఆటోలు మాట్లాడే పని లేదండీ" అని మెల్లగా అన్నారు.

పదమూడో ఇంటికీ పద్నాలుగో ఇంటికీ స్పీకరును వేరే ఫోన్లకు కలిపి చేసుకోవాల్సి వచ్చింది. ఆ ఫోన్‌ను మాత్రం పెద్దాయన ఎవరికీ ఇవ్వలేదు. కర్ర చంకలో ఇరికించుకుని, రెండు చేతులతో దాన్ని చెవికి ఆనించుకుని, కొండ దిగేదాకా వాడి అడుగులు వింటూనే నడిచాడు.